ఇల్లు అమ్మది, నేల అబ్బాయిది

"పొయ్యి ఆర్పమ్మా," అన్నాడు లెమ్యూల్. పొద్దున్నుంచీ ఇదే మాట.

కెజియా ఇంకో మేపుల్ దుంగ తీసి మంటలో పెట్టింది.

బయట గట్టిపడిన మంచు మీద ఊళ్ళోని ఎడ్లన్నీ జతలు జతలుగా నిలబడి ఆవిర్లు కక్కుతున్నాయి. పాత ఇంటిని పునాది రాళ్ళ మీంచి జాకీలతో ఎత్తి, కింద నున్నగా చెక్కిన ఓక్ దూలాలు దూర్చి, గొలుసులు తగిలించారు. ఇక ఎడ్లను అదిలించడమే తరువాయి. పొగగొట్టం ఒక్కటే ఇంటితో రాదు. అది గోడ అవతల నేలలోంచి లేపిన రాతి కట్టడం. దాని చుట్టూ గోడ పలకలు కోసేశారు. ఆ సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. నిప్పు ఉండగా లాగితే కొయ్య ఇల్లు దారిలోనే అంటుకుంటుంది. కెజియా పొయ్యి ఆర్పకపోవడానికి కారణం కూడా అదే.

"నిన్నటిదాకా ఈ ఇల్లే కావాలని మంకుపట్టు పట్టావు. నాన్న ఆస్తి పంపకంలో ఇచ్చారు. ఇప్పుడేంటమ్మా?"

"ఇల్లు ఇక్కడే ఉండాలన్నాను."

"పెద్దమనుషులు చెప్పింది ఇల్లు అని. నేల అని ఎవరన్నారు? ఇల్లు నీదే, నేను కాదన్నానా? నేల నాది. నా నేల మీంచి నీ ఇల్లు తీసి గుట్ట మీద పెద్దింటికి ఆనించి పెడతాను. నీ ఇంట్లో నువ్వుంటావు, మా కళ్ళెదురుగా ఉంటావు. ఏటి ఒడ్డున ఒక్కదానివీ ఈ చలిలో ఏం చేస్తావు?"

ప్రేమతోనే అన్నాడు. అబద్ధం చెప్పకూడదు, లెమ్యూల్‌కి తల్లంటే ప్రాణం. కాని మా హారోఫీల్డ్ ఊళ్ళో ప్రేమ కూడా చట్టం వెంటబెట్టుకునే వస్తుంది.

కోడలు డార్కస్ గుమ్మంలో నిలబడి చేతులు రుద్దుకుంటోంది. "అత్తయ్యా, మీ ఇల్లు ఆనే తూర్పు గదికి సున్నం వేయించాను. మీ మామూలు కుర్చీ కూడా అక్కడే వేయించాను. బయట ఊరంతా చూస్తున్నారు, లేవండి."

"చూడనీ. ముప్ఫై ఏళ్ళు మీ మామగారిని చూశారు. ఇవాళ నన్ను చూస్తారు."

అది నిజమే. కెజియా భర్త అమాసా కోల్టన్ గారు నోరు విప్పితే పక్క ఊళ్ళవాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవారు. మనిషి పుట్టుకతోనే స్వేచ్ఛాజీవి అని ఆయన రాసిన మాటల్ని మా పిల్లలు బడిలో ఇప్పటికీ వల్లె వేస్తారు. ఏళ్ళకేళ్ళు ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు సభ, ఆ తర్వాత సముద్రం అవతల రాయబారం. ఆయన దేశాన్ని కంటూ ఉంటే పిల్లల్ని కెజియా పెంచింది. తిరిగొచ్చాక గుట్ట మీద తెల్ల స్తంభాల పెద్దిల్లు కట్టించాడు. మొన్న ఆకురాలే కాలంలో పోయాడు. ఈ ఏటి ఒడ్డు పాత ఇల్లు మాత్రం కెజియా కొత్తపెళ్ళికూతురుగా వచ్చిన ఇల్లు.

చర్చి డీకన్ బ్లిస్ బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చాడు. భర్త ఆస్తిలో విధవరాలికి చట్టప్రకారం వచ్చే మూడో వంతు పంచిపెట్టిన ముగ్గురు పెద్దల్లో ఆయన పెద్ద. ఎడ్ల బారుకీ ఆయనే పెద్ద. ఈ రెండు పెద్దరికాలూ ఒకే రోజు మీద పడేసరికి ముక్కు ఎర్రబడి ఉంది. రమ్ము కూడా కొంత కారణం.

"అమ్మా, ఎడ్లు ఎంతసేపని నిలబడతాయి?"

"బ్లిస్, ఒక్క సంగతి చెప్పు. శనివారం శనివారం పెద్దింటి బట్టీలో నేను రొట్టెలు కాల్చుకోవచ్చన్నారు. మెట్ల మీద నడవచ్చన్నారు. బావి దగ్గర బకెట్టు పెట్టుకునే రాయి కూడా నాదేనన్నారు. ఇంత చూసినవాళ్ళు, ఇల్లు నిలబడ్డ నేలనెలా మర్చిపోయారయ్యా?"

డీకన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "ఇల్లంటే నేలతో సహా అనుకున్నామమ్మా. అది వేరే చెప్పాలా, ఎవరికైనా తెలిసిందే కదా అని..."

"మా లెమ్యూల్‌కి తెలియలేదు చూడు."

"కోర్టువాళ్ళు ముద్ర వేసేశారు. ఇప్పుడు మేం నోరెత్తితే ముగ్గురం కలిసి ఊరికి వెర్రివాళ్ళమవుతాం."

"ఇప్పుడు కాలేదా?" అంది కెజియా. "సరే, ఈ పొయ్యి ఎవరిది? ఇంటిదా, నేలదా?"

డీకన్ వంగి పొయ్యిలోకి చూశాడు. పైకి చూశాడు. గోడ సందులోంచి బయటికి కూడా చూశాడు. "కాళ్ళు నేలలో ఉన్నాయి. నోరు ఇంట్లో ఉంది."

"నోరున్నవాళ్ళదే రాజ్యం. ఆర్పను, పో."

డీకన్‌కి మింగలేని కక్కలేని పరిస్థితి. మిగతా ఇద్దరు పెద్దల్నీ అడిగొస్తానని బయటికి నడిచాడు. వాళ్ళు రమ్ము పీపా దగ్గరున్నారు. ఈయనా అక్కడే ఉండిపోయాడు. డార్కస్ కూడా భర్త మొహం చూసి, వచ్చినవాళ్ళకి వేడి ఆపిల్ సైడరు పంచాలంటూ తప్పుకుంది.

తల్లీ కొడుకూ మిగిలారు.

లెమ్యూల్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కెజియా పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని మంటకేసి చూస్తోంది. ఇల్లు దూలాల మీద ఉంది కదా, గాలి విసురుకి చిన్నగా కిర్రుమంటోంది.

"ఈ తలుపేం చేస్తావు?" అంది కెజియా.

"ఏ తలుపు?"

"ఉన్నదొకటే."

లెమ్యూల్ వెనక్కి తిరగలేదు. "పెద్దింటి గోడ ఆ వైపే వస్తుంది. మూసెయ్యాలి. రాకపోకలకి లోపల్నుంచి దారి పెట్టిస్తాను."

కెజియా తలుపు వంక చూసింది. ఓక్ చెక్కకి చిన్న కన్నం, కన్నంలోంచి బయటికి వేలాడే తోలుతాడు. బయట తాడు లాగితే లోపల గడియ లేస్తుంది. తాడు బయట ఉంటే ఎవరైనా రావచ్చని అర్థం. లోపలికి లాగేస్తే ఇంట్లోవాళ్ళకి ఎవరూ అక్కర్లేదని అర్థం. మా వైపు పసిపిల్లలక్కూడా తెలిసిన సంగతి ఇది.

పెద్ద కూతురు లోయిస్ రెండు చేతుల్లో పాల బకెట్లతో వచ్చి, తాడు పళ్ళతో పట్టి లాగి, భుజంతో తలుపు తోసేది. "ఆడపిల్లవా, ఎలుకవా?" అని కెజియా తిట్టేది. ఆ తిట్టు ఇప్పుడు ఒక్కసారి తిట్టే అవకాశం వస్తే ఆమె ఏమిచ్చుకోవడానికైనా సిద్ధమే. స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన ఏడు, రాజు పక్షం వహించిన కుర్రాణ్ణి చేసుకుని లోయిస్ ఓడెక్కి, ఇంకా రాజు ఏలుబడిలోనే ఉన్న నోవా స్కోషియా వెళ్ళిపోయింది. నా ఇంట్లో ఆ పేరు వినపడకూడదన్నాడు స్వేచ్ఛ గురించి రాసిన తండ్రి. వినపడలేదు కూడా.

గుట్ట మీదికి మారాక ఈ ఖాళీ ఇంటి తాడుని కెజియా బయటికి లాగి వెళ్ళేది. కోల్టన్ గారు సాయంత్రం షికారుకొచ్చి లోపలికి తోసేవాడు. మర్నాడు ఆమె కన్నంలోంచి పుల్లతో మళ్ళీ బయటికి లాగేది. ఏళ్ళ తరబడి సాగింది ఈ కాపురం. ఇద్దరూ ఆ ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన పోయిన రోజు నుంచి తాడు బయటే ఉంది. ఏ సాయంత్రమైనా అది చిన్నగా కదులుతుందేమోనని, ఆవిడ అరవయ్యో పడిలో గుట్ట దిగి వచ్చి, చీకటి పడేదాకా ఈ పీట మీదే కూర్చునేది.

"దానికి గుట్ట మీద ఇల్లు తెలీదురా," అంది కెజియా. "లోయిస్ పేరెత్తానని కోపం తెచ్చుకోకు. దానికి తెలిసింది ఈ తలుపొక్కటే. వస్తే ఇక్కడికే వస్తుంది. వచ్చేసరికి ఇక్కడ ఉత్త గుంత కనపడాలా?"

"రాదమ్మా."

"నీకేం తెలుసు?"

"రాదు."

"మీ నాన్నలాగే మాట్లాడకు. ఒక్కటి కాదంటే ఇక కాదే. ఆయన పోయారు కదా, ఇప్పుడు దానికి భయమేముంది? ఎవరో ఒకరు చెబుతారు, వింటుంది, బయల్దేరుతుంది..."

"ఒకసారి వచ్చింది కాబట్టి రాదు!"

అరిచినంత పనైంది. బయట ఎడ్ల దగ్గరున్నవాళ్ళు ఒకరిద్దరు ఇటు తిరిగారు. లెమ్యూల్ కిటికీ వదిలి వచ్చి తల్లికి ఎదురుగా, చేతికందేంత దూరంలో నిలబడి, ఆ దూరం చాలక మళ్ళీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎప్పుడు?" అంది కెజియా.

"మనం ఇంకా ఇక్కడున్నప్పుడే. నువ్వు హబ్బర్డ్ వాళ్ళింటికి పురుడు పొయ్యడానికి వెళ్ళావు, బిడ్డ అడ్డం తిరిగిందని అక్కడే ఉండిపోయావు చూడు, అప్పుడు. నాన్నా నేనూ భోంచేస్తున్నాం. ఈ కిటికీలోంచి కనపడింది. చంకలో బిడ్డ ఉంది."

"బిడ్డా?"

"ఏడాది పిల్ల అనుకుంటా. నాన్న లేవలేదు. నా వైపు చూసి, 'లెమ్యూల్, తాడు లోపలికి లాగు' అన్నారు. మామూలుగానే అన్నారమ్మా. ఆ తర్వాత ఉప్పు అందించమన్నారు."

"లాగావా?"

"పదిహేడేళ్ళ వాణ్ణి."

"లాగావా అని అడిగాను."

"లాగాను." లెమ్యూల్ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "అటు వైపు చివర తను అప్పటికే పట్టుకుంది. చేతికి బిగువు తగిలింది. తను వదిలిపెట్టలేదు, నేనూ వదలలేదు. తర్వాత వదిలేసింది. తలుపు తట్టలేదు. పిలవలేదు. పిలిచి ఉంటే తీసేవాణ్ణేమో, ఏమో, తెలీదు."

మంటలో దుంగ విరిగి పక్కకి ఒరిగింది. ఎవరూ సర్దలేదు.

"ఈ దారిన వెళ్ళిన ప్రతిసారీ ఈ తలుపు చూడాలమ్మా నేను. నువ్వేమో రోజూ వచ్చి ఆ తాడుకేసి చూస్తూ కూర్చుంటావు. నీ వెనక నిలబడి నేనూ చూడాలి. అందుకే మూసేద్దామనుకున్నాను. నిన్ను పైకి తీసుకెళ్తే నువ్వూ మర్చిపోతావనుకున్నాను."

కెజియాకి కొడుకుని కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఏ తలుపునైతే కూతురి కోసం తెరిచి ఉంచాననుకుందో, ఆ తలుపే దాని మొహాన మూసుకుంది. అది ఈ దారిన మళ్ళీ ఎందుకొస్తుంది? బిడ్డనెత్తుకుని, సముద్రం దాటి, అంత దూరం వచ్చిన పిల్ల ఆ రాత్రి ఏమైంది? ఆ ఒక్క ప్రశ్న ముందు మిగతా దుఃఖమంతా పక్కకి జరిగింది.

"ఎటు వెళ్ళింది?"

లెమ్యూల్ కిటికీలోంచి వేలు చూపించాడు. దారికి అవతల, ఉత్తరం బాట మలుపు తిరిగే చోట, నల్లటి కొయ్య ఇల్లు. చిన్నది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"క్లోయీ దగ్గరికి. తెల్లారాక సరుకుల బండెక్కి వెళ్ళడం చూశాను."

కెజియా ఆ ఇంటికేసి చూసింది. క్లోయీ ఈ ఇంటి వంటింట్లో పెరిగిన మనిషి. పెరిగిందంటే కోల్టన్ గారు కొని తెచ్చిన మనిషి. లోయిస్‌కి స్నానాలు పోసిందీ, తిండి తినిపించిందీ క్లోయీనే. మా రాష్ట్రంలో మనిషిని మనిషి సొంతం చేసుకోవడం చెల్లదని కోర్టు చెప్పిన వారమే, అప్రాన్ విప్పి తలుపు పక్క మేకుకి తగిలించి, ఈ తలుపులోంచే బయటికి నడిచింది. బట్టలుతికి, అల్లం రొట్టెలమ్మి ఆ మలుపు దగ్గర అరెకరం కొనుక్కుంది. దారికి అటూ ఇటూ రెండు కిటికీలు, రెండు దీపాలు. కెజియా ఒక్కనాడూ దారి దాటలేదు. క్లోయీ రావాలి గాని నేను వెళ్ళడమేమిటనుకుంది. ఆ అనుకోవడంలోనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఆమె లేచి, పార తీసుకుని, పొయ్యిలోంచి మళ్ళీ మంట రాజెయ్యడానికి సరిపడా ఎర్రటి నిప్పులు ఎంచి మూత ఉన్న ఇనప కుండలోకి ఎత్తింది. వాటి మీద బూడిద కప్పింది. మిగిలిన మంట మీద బకెట్టెడు నీళ్ళు గుమ్మరించింది. గదంతా పొగ కమ్మింది.

"అమ్మా..." లెమ్యూల్ ఒక అడుగు ముందుకి వేశాడు. "పైకి వస్తావా?"

కెజియా కుండ పట్టుకుని బయటికి నడిచింది.

పొగగొట్టంలో పొగ ఆగడం చూసి బయట జనం హమ్మయ్య అన్నారు. డీకన్ టోపీ పెట్టుకుని కర్ర ఎత్తాడు. "పట్టండర్రా! గుట్ట మీదికి!"

"ఆగు బ్లిస్," అంది కెజియా. "ఈ ఇల్లు ఎవరిది?"

"మీదేనమ్మా. అందులో సందేహమేముంది?"

"నాదైతే ఎటు లాగాలో చెప్పాల్సింది నేను కదా? గుట్ట మీదికి కాదు. ఉత్తరం బాట మలుపుకి తిప్పు."

డీకన్ కర్ర గాల్లోనే ఆగిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకెవరో గొణిగారు. డార్కస్ సైడరు గరిటె వదిలేసి భర్త దగ్గరికి పరుగెత్తింది. లెమ్యూల్ మాత్రం కదల్లేదు.

"మలుపు దగ్గర మీకు జాగా ఎక్కడిదమ్మా?" అన్నాడు డీకన్. "ఈసారైనా నేల సంగతి ముందు చూద్దాం."

జనం నవ్వారు. కెజియా నవ్వలేదు. గుంపు చివర అల్లం రొట్టెల తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ క్లోయీని చూసింది. జుట్టు నెరిసింది. నిలబడే తీరు మాత్రం మారలేదు.

"క్లోయీ," అని పిలిచింది అందరి మధ్య నుంచీ. "నీ చోటు పక్కన నా ఇల్లు పెట్టుకోనిస్తావా?"

నవ్వులు ఆగిపోయాయి. క్లోయీ తట్ట దించి, మీద గుడ్డ సర్ది, తీరిగ్గా చూసింది.

"ఊరందరి ముందు, ఎడ్లు కట్టేసి అడిగితే కాదనలేననుకున్నారా అమ్మగారూ?"

"అలా కాదు క్లోయీ..."

"మరెలా? ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీరు ఏది అడిగినా అది అడగడం కాదు. ఇప్పుడు అడగాలంటే ఇంటికి రండి. నాకూ ఒక తలుపుంది. మీ కిటికీలోంచి రోజూ కనపడుతూనే ఉంది కదా."

తట్ట చంకన పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా, మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఊరు ఊరంతా చూస్తుండగానే, ఆ తలుపు కన్నంలోంచి వేలాడుతున్న తాడు లోపలికి పోయింది.

"ఎంత పొగరు!" అంది డార్కస్.

"నోరుముయ్," అన్నాడు లెమ్యూల్. పెళ్ళయిన నాటి నుంచి భార్యని ఆ మాట అని ఎరగడు. తల్లి వైపు తిరిగి, "నేను కూడా వస్తానమ్మా," అన్నాడు.

"నువ్వుండు."

కెజియా దారి దాటింది. ఎంతో దూరం లేదు. బండి చాళ్ళలో మంచు గట్టిపడి కాలు జారుతోంది. ఇనప కుండ అడుగు వెచ్చదనం అరచేతుల్లో క్షణక్షణానికీ తగ్గుతోంది. నిప్పులు ఎక్కువసేపు ఉండవు. వెనక ఎడ్లు గొలుసులు కదుపుతున్నాయి. అంతకు మించి చప్పుడు లేదు. ఇంతమంది నిలబడి నోరెత్తకపోవడం కోల్టన్ గారి అంత్యక్రియల్లో కూడా జరగలేదు.

గుమ్మం ముందు ఆగింది. తాడు లేని కన్నం వంక చూసింది. ఆ రోజు తన తలుపు ముందు లోయిస్ ఇలాగే చూసి ఉంటుంది. చంకలో పిల్ల బరువుగా ఉండి ఉంటుంది. తట్టడానికి చెయ్యి ఎందుకు రాలేదో కెజియాకి ఇప్పుడు తెలిసింది.

కుండని ఎడమ చంకలోకి మార్చుకుని తలుపు తట్టింది.

లోపల నుంచి క్లోయీ గొంతు వినిపించింది. "ఎవరు?"

ఎవరో ఆమెకి తెలుసు. ఊరందరికీ తెలుసు. కోల్టన్ గారి భార్యనని చెప్పడం కెజియాకి జీవితమంతా అలవాటు. ఆ మాట ఒక్కటి చాలు, ఈ దేశంలో ఏ తలుపైనా తెరుచుకునేది. పెదాల దాకా వచ్చిన ఆ మాటని మింగేసింది.

"లోయిస్ వాళ్ళ అమ్మని," అంది.

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.